వేల్స్ ఊళ్ల పేర్ల వెనక ఏముంది? తెలిసినవాళ్లు చెప్పండి

నల్లరేగడి:
అందరికీ నమస్కారం. మాస్టర్స్ చదవడానికి ఈ మధ్యే స్వాన్సీ వచ్చాను. ఇక్కడ ఏ బోర్డు చూసినా రెండు పేర్లు. స్వాన్సీకి ఇంకో పేరు అబర్‌టావె. ఆ రెంటికీ పోలికే లేదు. కార్డిఫ్‌ని కైర్‌డీద్ అంటారట, అది కాస్త దగ్గరగా ఉంది. న్యూపోర్ట్‌ని కాస్‌నెవిద్ అంటారు. బ్రిడ్జెండ్ అయితే ఏకంగా పెన్-అ-బోంట్ ఆర్ ఓగుర్. ఇవి అనువాదాలా, లేక వేర్వేరు పేర్లా? అసలు వీటికి అర్థాలు ఉన్నాయా? ఇక్కడ ఎక్కువ కాలంగా ఉంటున్నవాళ్లు చెప్పండి. రోజూ బస్సులో ఈ పేర్లు చదువుకుంటూ వెళ్తున్నా, ఒక్క ముక్క బుర్రకెక్కక చికాగ్గా ఉంది.

గోదారిగట్టు:
రా తమ్ముడూ, మంచి ప్రశ్న వేశావు. నేను కార్డిఫ్ దగ్గర ఉంటాను, ఈ పేర్ల పిచ్చి నాకు చాలా ఏళ్లుగా ఉంది.

అర్థాలు ఉన్నాయా అంటే, చాలా తేటగా ఉన్నాయి. వేల్స్ భాషలో ఊరి పేరంటే ఎక్కువగా ఆ నేల ఎలా ఉందో చెప్పే రెండు మూడు మాటలే. ఓ ఇరవై మాటలు పట్టుబడితే మ్యాప్ సగం చదివేయొచ్చు.

నీ ఊరే తీసుకో. అబర్ అంటే నది వెళ్లి సముద్రంలోనో పెద్ద నదిలోనో కలిసే చోటు. టావె నది సముద్రంలో కలిసే చోటు అబర్‌టావె. అబెరిస్ట్విత్ అంటే అస్ట్విత్ నది ముఖం. అక్కడో విశేషం ఉంది. మొదటి కోట అస్ట్విత్ దగ్గర కట్టారు. 1277లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ కొత్త కోటని ఆ పక్కనే పారే రైడోల్ నది ఒడ్డున మొదలుపెట్టాడు, ఊరు కూడా అక్కడే పెరిగింది. పేరు మాత్రం పాత నదిదే ఉండిపోయింది.

పెన్ అంటే తల, కొస. పోంట్ అంటే వంతెన (లాటిన్ నుంచి వచ్చిన మాట). ఆర్ అంటే మీద. కాబట్టి పెన్-అ-బోంట్ ఆర్ ఓగుర్ అంటే ఓగుర్ నది మీది వంతెన కొస. బ్రిడ్జెండ్ అన్నా అదే, ఇక్కడ రెండు పేర్లకీ అర్థం ఒకటే. కాస్‌నెవిద్ అలా కాదు. అది "కొత్త కోట", న్యూపోర్ట్ "కొత్త రేవుపట్నం". వేర్వేరు పేర్లు.

కైర్ అంటే కోట. కైర్‌డీద్ అంటే టావ్ నది ఒడ్డు కోట. దాని పాత రూపం కైర్‌డివ్. వేల్స్ వాళ్ల నోట్లో చివరి "వ్" పోనుపోను "ద్" అయింది. ఇంగ్లీషువాళ్లు ఆ పాత శబ్దాన్నే కార్డిఫ్‌లో "ఫ్"గా నిలబెట్టుకున్నారు. అంటే ఈ ఒక్క ఊరి విషయంలో ఇంగ్లీషు పేరే పాత పలుకుబడికి దగ్గర. నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఇది.

ఇంకొన్ని మాటలు రాసిపెట్టుకో: కూమ్ లోయ, బ్రిన్ గుట్ట, నాంట్ వాగు, అనిస్ దీవి, హ్లిన్ సరస్సు, కోయ్‌డ్ అడవి, మైస్ పొలం, ట్రె ఊరు. పోంటప్రీద్ అనే ఊరుంది చూడు, ఆ పేరు మొదట్లో పోంట్-అ-టీ-ప్రీద్. మట్టి ఇంటి పక్క వంతెన అని. వాడగా వాడగా మధ్యలో ఇల్లు ఎగిరిపోయింది.

తంగేడు:
అన్నా, అన్నీ చెప్పారు గానీ రెండు ఎల్‌లతో మొదలయ్యే ఊళ్ల సంగతి చెప్పలేదు. మ్యాప్ మీద ఎక్కడ వేలు పెట్టినా అవే. ఆ శబ్దం ఎలా పలకాలో మా ఆఫీసులో ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్తున్నారు.

గోదారిగట్టు:
"ల" అనడానికి నాలుక ఎక్కడ పెడతావో అక్కడే పెట్టు. గొంతు కదిలించకుండా పక్కల నుంచి గాలి వదులు. అంతే. తెలుగులో దానికి అక్షరం లేదు, నేను "హ్ల" అని రాస్తున్నాను.

హ్లాన్ అంటే ఇవాళ చర్చి. మొదట్లో కంచె వేసిన జాగా అని అర్థం. పళ్లతోటని పెర్‌హ్లాన్ అనీ, గొర్రెల దొడ్డిని కోర్లాన్ అనీ ఇప్పటికీ అంటారు, వాటిలో ఆ పాత అర్థం బతికే ఉంది. క్రైస్తవం వచ్చాక సాధువులు అలాంటి జాగాల్లో ప్రార్థనా స్థలాలు పెట్టుకున్నారు, చుట్టూ శ్మశానం, ఆనక ఊరు. అందుకే హ్లాన్ పక్కన ఎక్కువగా ఒక సాధువు పేరుంటుంది. ఆ సాధువుల్లో చాలామంది వేల్స్ దాటితే ఎవరికీ తెలియరు.

తంగేడు:
మరి హ్లాన్‌గోహ్లెన్ ఊళ్లో చర్చి సెయింట్ కోహ్లెన్‌ది అని రాసి ఉంది. "క" ఎప్పుడు "గ" అయింది?

అక్షరాల:
ఇది చూశాక రాయకుండా ఉండలేకపోయాను. నేను తెలుగు వ్యాకరణం చెప్పి రిటైరైనదాన్ని. మా అబ్బాయి బ్రిస్టల్‌లో ఉంటాడు, అక్కడికి వచ్చినప్పుడల్లా వేల్స్ వెళ్తుంటాం.

తంగేడు గారూ, మనం బళ్లో చదువుకున్న గసడదవాదేశం గుర్తుందా? అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. కూర, కాయ కలిస్తే కూరగాయ. రెండో మాట మొదట్లో ఉన్న పరుషం మెత్తబడుతుంది. వేల్స్ భాషలో అచ్చం ఇలాంటి పద్ధతే ఉంది, దాన్ని వాళ్లు కూడా మెత్తబడటం అనే అంటారు. క గ అవుతుంది, ట డ అవుతుంది, ప బ అవుతుంది. అంతటితో ఆగదు. బ, మ రెండూ వ అవుతాయి, డ మెత్తని ద అవుతుంది, గ అయితే పూర్తిగా మాయమవుతుంది.

హ్లాన్ స్త్రీలింగం కాబట్టి దాని వెనకొచ్చే సాధువు పేరు మెత్తబడుతుంది. కోహ్లెన్ హ్లాన్‌గోహ్లెన్ అయ్యాడు. టిడ్నో హ్లాన్‌డిడ్నో అయ్యాడు. టైలో హ్లాన్‌డైలో, పెరిస్ హ్లాన్‌బెరిస్, డెవి హ్లాన్‌దెవి. మరియమ్మని వేల్స్‌లో మైర్ అంటారు, ఆమె గుడి హ్లాన్‌వైర్. మిహాంగెల్ దేవదూతది హ్లాన్‌విహాంగెల్. నల్లరేగడి గారు రాసిన పెన్-అ-బోంట్‌లో పోంట్ బోంట్ కావడమూ ఇదే.

రెండు భాషలకీ చుట్టరికం లేదు, మనది ద్రావిడం, వాళ్లది ఇండో-యూరోపియన్. పైగా అక్కడ లింగాన్ని బట్టీ, ముందున్న మాటని బట్టీ జరుగుతుంది, మనకి వేరే లెక్క. అయినా గసడదవలు చెప్పి చెప్పి ఉన్న నాకు ఆ బోర్డులు చదవడం ఒక్క పూటలో పట్టుబడింది. తెలుగు పిల్లలకి ఇది మహా సులువు.

నల్లరేగడి:
టీచర్ గారూ, మీకు దణ్ణం. ఇప్పుడే బస్సు దిగాను. రోజూ చూసే పేర్లే, ఇవాళ వేరుగా కనిపించాయి. మోరిస్టన్‌ని వేల్స్‌లో ట్రెవోరిస్ అంటారు. అంటే ట్రె, మోరిస్ కలిసి మ వ అయిందా? ఫోరెస్ట్‌వాఖ్ కూడా ఉంది. బాఖ్ అంటే చిన్న అని విన్నాను, కాబట్టి చిన్న అడవి. పోంటర్‌దిలైస్ మాత్రం తేలలేదు.

గోదారిగట్టు:
రెండూ కరెక్టే. ఆ మోరిస్ 18వ శతాబ్దపు రాగి వ్యాపారి సర్ జాన్ మోరిస్, కార్మికుల కోసం ఆ ఊరు కట్టించాడు. ఇక పోంట్ ఆర్ దిలైస్ అంటే డిలైస్ వాగు మీది వంతెన. ఆర్ వెనక డ మెత్తబడింది. డిలైస్‌లో డీ అంటే నలుపు, గ్లైస్ అంటే వాగు, కలిపితే నల్లవాగు. చూశావా, అక్కడ కూడా గ ఎగిరిపోయింది.

పాలపిట్ట:
స్వాన్సీ అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేదు. అందులో స్వాన్ లేదు, సీ కూడా లేదు. అది వైకింగుల పేరు. స్వెయిన్ అనే మనిషి, "ఎయ్" అంటే దీవి, కలిపి స్వెయిన్ దీవి. ఈ తీరం పొడుగునా వాళ్ల నార్స్ భాష పేర్లే. వాళ్లు పడవల మీద వచ్చేవాళ్లు కాబట్టి దీవులకీ, రేవులకీ, సముద్రం మీంచి కనిపించే కొండకొమ్ములకీ పేర్లు పెట్టుకున్నారు. లోపలి ఊళ్ల జోలికి పెద్దగా పోలేదు. స్కోమర్, స్కోఖోమ్ దీవుల పేర్లు వాళ్లవే. ఫిష్‌గార్డ్ అంటే చేపల దొడ్డి, వేల్స్ వాళ్లు దాన్ని అబర్‌గ్వైన్ అంటారు, గ్వైన్ నది ముఖం. మిల్‌ఫర్డ్‌లో ఉన్నది నార్వే వాళ్ల ఫియోర్డే, అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. ఆంగిల్సీ అంటే ఆంగ్లేయుల దీవి అని చాలామంది అనుకుంటారు, కాదు. అది ఓంగుల్ అనే నార్స్ మనిషి దీవి. వేల్స్ పేరు అనిస్ మోన్.

పెంబ్రోక్‌షైర్ వెళ్తే ఇంకో వింత కనిపిస్తుంది. ఉత్తరాన అన్నీ వేల్స్ పేర్లు, దక్షిణాన అన్నీ ఇంగ్లీషు పేర్లు, మధ్యలో గీత గీసినట్టు ఉంటుంది. 12వ శతాబ్దం మొదట్లో మొదటి హెన్రీ రాజు దక్షిణాన ఫ్లాండర్స్ (ఇవాళ్టి బెల్జియం వైపు) నుంచి జనాన్ని తెచ్చి దింపాడు, ఇంగ్లీషువాళ్లూ వచ్చి చేరారు. తొమ్మిది వందల ఏళ్లు దాటినా ఆ గీత ఊళ్ల పేర్లలో చెరగలేదు.

చిన్నక్క:
అందరూ ఎదురుచూస్తున్న పేరు నేను రాస్తా, ఊపిరి బిగబట్టండి: హ్లాన్‌వైర్‌పూహ్ల్‌గ్విన్‌గిహ్ల్‌గోగెరఖ్విర్న్‌డ్రోబూహ్ల్‌హ్లాన్‌టసిలియోగోగోగోఖ్. ఆంగిల్సీలో ఉంది. ఇంగ్లీషు లెక్కన 58 అక్షరాలు. వేల్స్ లెక్కన 51, ఎందుకంటే రెండు ఎల్‌లు వాళ్లకి ఒకటే అక్షరం, సీ-హెచ్ జంట కూడా అంతే. తెల్ల హేజెల్ చెట్ల గుంట దగ్గరి మరియమ్మ గుడి, ఉధృతమైన సుడిగుండం పక్కన, ఎర్ర గుహ దగ్గర టసిలియో గుడి అని అర్థం. స్టేషన్లో ఫొటో దిగాం, పిల్లలకి నోటికొచ్చేదాకా వదల్లేదు.

పాలపిట్ట:
ఫొటో సరే గానీ చిన్నక్కా, అది పాత పేరు కాదు. అసలు పేరు హ్లాన్‌వైర్ పూహ్ల్‌గ్విన్‌గిహ్ల్, అక్కడితో సరి. 1848లో రైలొచ్చింది. ప్రయాణికులు దిగి చూడాలని 1860ల్లో స్థానికులు మిగతాదంతా తగిలించారు. ఊళ్లోవాళ్లు ఇప్పటికీ హ్లాన్‌వైర్‌పూహ్ల్ అనే అంటారు.

చిన్నక్క:
పాతది కాకపోతేనేం? గుడి నిజం, సుడిగుండం నిజం, హేజెల్ చెట్లూ నిజమే. గొలుసు కట్టింది మాత్రమే కొత్త. నూట యాభై ఏళ్లు దాటిన పేరుని నకిలీ అని తీసిపారేయడం నాకు నచ్చదు. ఊరి వాళ్లు తమ భాషలోనే, తమ వ్యాకరణం తప్పకుండా కట్టుకున్నారు కదా.

మైలురాయి:
చిన్నక్క గారి మాటకి నా ఓటు. నేను కొండలెక్కేవాణ్ణి, పర్వతాల పేర్ల గురించి చెప్తా. 1,085 మీటర్ల స్నోడన్‌ని ఇకనుంచి అర్ విద్వా అనే రాయాలని అక్కడి నేషనల్ పార్క్ 2022 నవంబర్లో నిర్ణయించింది. దాని చుట్టూ ఉన్న కొండసీమ స్నోడోనియాని ఎరరి అంటున్నారు. 2023 ఏప్రిల్లో బ్రెకన్ బీకన్స్ అనే ఇంకో నేషనల్ పార్క్ కూడా బన్నై బ్రఖైనియోగ్ అయింది. బన్నై అంటే శిఖరాలు, బ్రఖైనియోగ్ అంటే బ్రఖన్ అనే పాత రాజు సీమ. ఎరరి అంటే గద్దల నెలవు అని మా గైడ్ చెప్పాడు.

పాలపిట్ట:
గద్దని వేల్స్‌లో ఎరిర్ అంటారు, అందుకే ఆ మాట పుట్టింది. ఇప్పుడు పండితులు ఒప్పుకునే అర్థం ఎత్తైన నేల అని. అర్ విద్వా అంటే సమాధి దిబ్బ. ఆర్థర్ రాజు చంపిన రీటా అనే రాక్షసుడి గోరీ ఆ శిఖరం మీదే ఉందని కథ.

తంగేడు:
నాకో సందేహం. ప్రపంచమంతా స్నోడన్ అని పిలుస్తుంటే మార్చడం దేనికి? టూరిస్టులకి ఇబ్బంది కదా. అర్ విద్వా అని గూగుల్లో కొట్టడానికే స్పెల్లింగ్ రాదు.

మైలురాయి:
మార్చలేదండి, ఉన్న పేరుకి మర్యాద ఇచ్చారు. స్నోడన్ అంటే ఇంగ్లీషులో మంచుకొండ. దూరం నుంచి చూసినవాళ్లు పెట్టిన పేరది. కింద ఊళ్లలో పశువులు మేపుకునేవాళ్లు అర్ విద్వా అనేవాళ్లు. స్పెల్లింగంటారా, రెండు రోజుల్లో వస్తుంది. దాని పక్కనే క్రీబ్ గోఖ్ అని ఇరుకైన రాతి గట్టుంది. కోఖ్ ఎరుపు, మెత్తబడి గోఖ్. అంటే ఎర్రగట్టు. పొద్దున పూట ఆ రాయి మీద ఎండ పడ్డప్పుడు చూస్తే ఇంకో పేరు పెట్టాలనిపించదు.

అక్షరాల:
దేశం పేరే చూడండి. వేల్స్ అనేది పాత ఇంగ్లీషులో "పరాయివాళ్లు" అనే మాట. వాళ్లు తమని తాము కమ్రి అనుకుంటారు, దేశం పేరు కూడా కమ్రి. తోటి దేశస్థులు అని అర్థం. సొంత గడ్డ మీద ఉన్నవాళ్లని బయటనుంచి వచ్చినవాళ్లు పరాయివాళ్లన్నారు. అందుకే ఈ బోర్డుల మీద వాళ్లకంత పట్టుదల. 1960ల చివర్లో, 70ల్లో కుర్రాళ్లు ఇంగ్లీషు ఒక్కటే ఉన్న బోర్డుల మీద రంగు పూసి జైళ్లకి వెళ్లారు. ఇవాళ మనం చదువుకుంటున్న రెండో పేరు ఊరికే రాలేదు.

చిన్నక్క:
బేద్‌గెలెర్ట్ ఎవరైనా వెళ్లారా? గెలెర్ట్ సమాధి అని అర్థం. ఊరి బయట చెట్టు కింద కుక్క సమాధి ఉంది. పలకరాళ్ల మీద కథ చెక్కించారు, ఒకటి వేల్స్‌లో, ఒకటి ఇంగ్లీషులో. హ్లవెలిన్ రాజు వేట నుంచి వస్తాడు. ఉయ్యాల తిరగబడి ఉంటుంది, కుక్క మూతికి రక్తం. కొడుకుని చంపిందనుకుని కత్తి దూసి పొడిచేస్తాడు. తర్వాత చూస్తే బిడ్డ క్షేమం, పక్కన తోడేలు చచ్చిపడి ఉంది. చదువుతుంటే మా అత్తగారికి కళ్లనీళ్లు తిరిగాయి, "ఇది మన ముంగిస కథే కదమ్మా" అంది.

అక్షరాల:
మీ అత్తగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పంచతంత్రంలో అయిదో తంత్రం, అపరీక్షిత కారకంలోది. అక్కడ బ్రాహ్మణి, ముంగిస, పాము. ఇక్కడ రాజు, కుక్క, తోడేలు. పోలిక కాకతాళీయం కాదు. మన కథ పారశీకం, అరబ్బీ మీదుగా యూరప్ చేరి, దేశానికో వేషం వేసుకుంది.

పాలపిట్ట:
ఆ ఊరికి ఆ కథ అంటుకున్నది 18వ శతాబ్దం చివర్లో. అక్కడి గోట్ సత్రం నడిపిన డేవిడ్ ప్రిచర్డ్ అనే ఆయన దక్షిణ వేల్స్ నుంచి వస్తూ కథని వెంట తెచ్చాడనీ, బాటసారులు ఆగుతారని సమాధి పెట్టించాడనీ చెబుతారు. ఊరి పేరు అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందుది. కెలెర్ట్ అనే పాతకాలపు మనిషిది, బహుశా ఒక సాధువుది, ఆ సమాధి. కార్మార్థెన్‌దీ ఇలాంటి సంగతే. కైర్‌వర్దిన్ అంటే మంత్రగాడు మెర్లిన్ (వేల్స్‌లో మర్దిన్) కోట అని గైడ్లు చెబుతారు. రోమన్లప్పుడే దాని పేరు మోరిడూనుమ్, సముద్రపు కోట. అది మర్దిన్‌గా అరిగాక, అర్థం తెలియని జనం ముందు కైర్ అని ఇంకో కోట తగిలించారు. అలా ఊరి పేరులోంచే మర్దిన్ అనే మనిషి పుట్టాడు.

చిన్నక్క:
సాధువు పేరు పోయి కుక్క పేరు నిలిచిందంటే కష్టంగానే ఉంది. అయినా మన కథ అంతదూరం నడిచి ఒక ఊరి చివర సమాధి కట్టించుకుందంటే ఆనందంగానూ ఉంది.

గోదారిగట్టు:
బోర్డుల పోరాటం అనగానే ట్రవెరిన్ చెప్పాలి. బాలా ఊరి దగ్గర కాపెల్ కెలిన్ అని పల్లె ఉండేది. కాపెల్ ప్రార్థనా మందిరం, కెలిన్ అంటే హోలీ అనే ముళ్లాకుల చెట్టు. ఊళ్లో అందరూ వేల్స్ మాట్లాడేవాళ్లే. లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం ట్రవెరిన్ లోయలో జలాశయం కట్టడానికి 1957లో లండన్ పార్లమెంటు చట్టం చేసింది. వేల్స్ ఎంపీల్లో ఒక్కరు కూడా అనుకూలంగా ఓటెయ్యలేదు. అయినా ఆగలేదు. 1965లో బడి, మందిరం, పోస్టాఫీసు, ఇళ్లు అన్నీ మునిగాయి. 2005లో లివర్‌పూల్ కౌన్సిల్ క్షమాపణ చెప్పింది.

అబెరిస్ట్విత్‌కి దక్షిణాన రోడ్డు పక్క ఒక మొండిగోడ మీద ఎర్ర రంగు వేసి తెల్ల అక్షరాలతో "కోవ్యుఖ్ డ్రవెరిన్" అని ఉంటుంది. ట్రవెరిన్‌ని గుర్తుంచుకోండి అని. టీచర్ గారూ, మీకోసం ఒక విషయం: 1960ల్లో మొదట రాసినప్పుడు అది "కోవ్యుఖ్ ట్రవెరిన్". క్రియ వెనక కర్మ మెత్తబడాలి కాబట్టి తర్వాత రాసినవాళ్లు ట ని డ చేశారు. 2019లో ఎవరో గోడని పడగొడితే జనం వచ్చి మళ్లీ కట్టారు, ఆ ఏడాది వేల్స్ అంతటా గోడల మీద ఆ రెండు మాటలే కనిపించాయి.

అక్షరాల:
చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఊరు మునిగినా పేరుకి సంధి తప్పనివ్వలేదు వాళ్లు.

ఇంకో చుట్టరికం చెప్పి ముగిస్తాను. సర్ విలియం జోన్స్ పేరు అందరం విన్నాం, 1786లో కలకత్తాలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టాయని, కెల్టిక్ కూడా ఆ కుటుంబానిదే కావచ్చని చెప్పినవాడు. ఆయన తండ్రిది ఆంగిల్సీలోని హ్లాన్‌విహాంగెల్ ట్రెర్ బైర్ద్, కవుల పల్లెలోని మిహాంగెల్ గుడి. ఆ తండ్రి కూడా విలియం జోన్సే, గణితంలో పై (π) గుర్తుని 1706లో మొదట వాడింది ఆయనే. కొడుకు చెప్పిన చుట్టరికం ఈ ఊళ్ల పేర్లలోనే దొరుకుతుంది. నెవిద్ అంటే కొత్త, సంస్కృతంలో నవ్య. డై అంటే రెండు, ద్వి. హెన్ అంటే పాత, సన, మనం సనాతనం అంటున్నామే అదే. మిల్‌ఫర్డ్ హేవెన్ వేల్స్ పేరు అబర్‌డైగ్లెదై, రెండు క్లెదై నదుల ముఖం.

నల్లరేగడి:
హెన్ అంటే పాత అన్నారు కదా, మా ఇంటి ఓనర్ వాళ్ల ఊళ్లో పొలం ఇంటి పేరు హెండ్రె అట. పాత ఊరు అనా?

గోదారిగట్టు:
హెన్, ట్రె కలిసి హెండ్రె. ట్రె అంటే మొదట్లో ఇల్లూ పొలమూ ఉన్న జాగా అని, ఊరు అన్న అర్థం తర్వాత వచ్చింది. హెండ్రె చలికాలపు ఇల్లు, లోయలో ఉంటుంది. ఎండాకాలం పశువుల్ని తోలుకుని కొండ మీదికి పోయి ఉండే ఇంటిని హావోడ్ అంటారు, హావ్ అంటే ఎండాకాలం. మీ ఓనర్ని అడిగి చూడు, ఆ హెండ్రెకి పైన కొండ మీద ఎక్కడో ఒక హావోడ్ కూడా ఉండే ఉంటుంది. ఇలాంటి పాత ఇళ్లు కొన్నవాళ్లు ఇంగ్లీషు పేర్లు పెట్టేస్తున్నారని ఇక్కడ పెద్ద బాధ. 2016 చట్టం కింద చారిత్రక స్థలనామాల అధికారిక జాబితా ఒకటి పెట్టారు, ఆన్‌లైన్లో అందరూ చూడొచ్చు. అందులో పాత స్పెల్లింగులు ఉంటాయి. పేరు చూడగానే ముక్కలు చేసి అర్థం చెప్పేయకుండా ముందు అవి చూడు. డిలైస్, ప్రీద్ లాంటివి పాత రూపం చూస్తేనే తేలతాయి.

మైలురాయి:
ఆ జాబితాలో దొరకని వేల్స్ ఊళ్లు కూడా ఉన్నాయి, అర్జెంటీనాలో. 1865లో మిమోసా అనే ఓడలో నూట యాభై మంది దాకా లివర్‌పూల్ నుంచి పటగోనియా వెళ్లి స్థిరపడ్డారు. అక్కడ ట్రెలెవ్ పట్నం లూయిస్ జోన్స్ అనే వాళ్ల నాయకుడి పేరున వెలిసింది. ఆండీస్ కొండల దగ్గర ట్రెవెలిన్ ఉంది. మెలిన్ అంటే పిండిమర. ట్రె పక్కన చేరి వెలిన్ అయింది, స్పానిష్‌వాళ్లు కూడా దాన్ని వ తోనే రాస్తున్నారు.